ఓక్రకోక్‌లో అమ్మ చూపించిన కొమ్మ

సీడార్ ఐలాండ్ రేవు ఇంకా నాలుగైదు మైళ్ళు ఉందనగా కారు అద్దం దించాను. పర్ర వాసన గుప్పుమంది. నీళ్ళు తీసేసిన బురద మీద ఎండ పడితే వచ్చే వాసన అది. ఉప్పు, కుళ్ళిన గడ్డి, చచ్చిన గుల్లలు, అన్నీ కలిసిన వాసన. నాగాయలంక దాటి ఏటిమొగ వైపు వెళ్తుంటే ఇదే వాసన వచ్చేది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మా అమ్మ మాత్రం గుండె నిండా పీల్చుకుని "వచ్చేశాం" అనేది. ఏటిమొగలో బల్లకట్టు ఎక్కితే అవతల ఎదురుమొండి. అది అమ్మ పుట్టిల్లు.

ఆ "వచ్చేశాం" అనే మాట అమ్మ ఒకసారి ఈ రోడ్డు మీద కూడా అంది. నార్త్ కరోలినాలో, రాలీ నుంచి మూడున్నర గంటలు కారులో వచ్చాక, రెండు పక్కలా రెల్లులాంటి గడ్డి తప్ప ఇంకేం లేని ఈ రోడ్డు మీద. అప్పుడు నా పక్క సీట్లో షాల్ కప్పుకుని, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చుని ఉంది.

అమ్మ పోయి రెండేళ్ళయింది. ఈసారి ఒక్కదాన్నే వచ్చాను.

* * *

ఓక్రకోక్ గురించి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. నార్త్ కరోలినా ఒడ్డుకి దూరంగా, అట్లాంటిక్‌లో సన్నటి ఇసుక దీవులు వరసగా ఉంటాయి. వాటిలో ఇదొకటి. పొడవు సుమారు పదహారు మైళ్ళు, వెడల్పు చాలాచోట్ల నడిచి దాటేంతే. ఒక పక్క మహాసముద్రం. ఇంకో పక్క పామ్లికో సౌండ్ అనే ఉప్పునీటి సరస్సు. మన పులికాట్ లాంటిదే అనుకోండి, కానీ ఎన్నో రెట్లు పెద్దది. దీవికి ఈరోజుకీ వంతెన లేదు. చిన్న విమానాలు దిగే చోటు ఉంది గానీ, మాలాంటివాళ్ళం ఫెర్రీ మీదే వెళ్ళాలి.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఈ సంగతులేవీ తెలియవు. వైటూకే, అంటే 2000 సంవత్సరం తేదీల కోసం కంప్యూటర్లు సరిచేసే పని మీద అమెరికా వచ్చిన రోజులు. రాలీ పక్కనున్న రీసెర్చ్ ట్రయాంగిల్‌లో ఉద్యోగం. నలుగురు అమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నలుగురికీ కలిపి ఒకటే కారు. అది కూడా పాతది, ఎత్తు రోడ్డు ఎక్కాలంటే ఏసీ ఆపాలి. ఒక లాంగ్ వీకెండ్‌కి సముద్రం చూద్దామని కాగితం మీద దారి ప్రింట్ తీసుకుని బయల్దేరాం. కూలర్‌లో పెరుగన్నం, ఆవకాయ, రెండు డజన్ల ఉడికించిన గుడ్లు. దక్షిణంగా పోతూ పోతూ ఉంటే హాటెరస్‌లో రోడ్డు అయిపోయింది. ఎదురుగా నీళ్ళు. ఒక పడవలోకి కార్లు ఎక్కుతున్నాయి. టికెట్ ఎంత అని అడిగితే, ఏమీ లేదు, ఎక్కండి అన్నారు. ఎక్కాం.

అప్పట్లో ఆ దాటడం నలభై నిమిషాలే. పడవ వెనక కొంగల్లా తెల్లగా సీగల్ పక్షుల గుంపు, నవ్వినట్టు అరుస్తూ. మాలో ఒకమ్మాయి బిస్కెట్ ముక్క విసిరితే గాల్లోనే అందుకున్నాయి. దిగాక పదమూడు మైళ్ళ రోడ్డు మీద ఒక్క ఇల్లు లేదు, ఒక్క హోటల్ లేదు, బోర్డులు లేవు. సముద్రం వైపు భూమంతా 1953లో ఏర్పడిన కేప్ హాటెరస్ నేషనల్ సీషోర్ కింద ఉంది కాబట్టి ఎవరూ ఏమీ కట్టలేరు. కారు రోడ్డు పక్కన ఆపి, ఇసుక దిబ్బ ఎక్కి అవతలికి చూస్తే రెండు వైపులా కనుచూపు మేర తీరం. మనిషి లేడు.

మేం నలుగురం మాట్లాడకుండా నిలబడ్డాం. ఇంటి నుంచి వచ్చాక నాకు అంత నిశ్శబ్దం దొరకడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఫోన్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, ఇక్కడ హంసలదీవి లాంటి చోటొకటి ఉంది" అన్నాను. లైనులో నా మాట నాకే రెండోసారి వినపడింది. అవతల అమ్మ, "అయితే నేనొచ్చినప్పుడు చూపిద్దువు గానిలే" అంది.

తర్వాత 2007లో అమెరికా మొత్తంలో మంచి బీచ్‌ల జాబితాలో ఈ తీరాన్ని మొదటి స్థానంలో పెట్టారు, మళ్ళీ 2022లో కూడా. పేపర్లో చూసి సంతోషంతో పాటు కాస్త దిగులు కూడా వేసింది, జనం ఎక్కువైపోతారేమోనని.

* * *

అమ్మ వచ్చింది కొన్నేళ్ళ తర్వాత. నాన్న పోయిన ఏడాది. ఆరు నెలలు ఉండడానికి వచ్చి, మూడో నెలకే "మనుషుల చప్పుడు లేని ఊరేమిటే ఇది" అని దిగులు పడిపోయింది. పగలంతా మేం ఆఫీసులో ఉంటే కిటికీ దగ్గర కూర్చునేది. అందుకే మే నెలలో మూడు రోజులు సెలవు పెట్టి తీసుకొచ్చాను.

సీడార్ ఐలాండ్ నుంచి పడవ రెండుంబావు గంటలు. కార్లు, లారీలు, సైకిళ్ళు అన్నీ ఎక్కడం చూసి అమ్మ ముఖం విప్పారింది.

"ఇదీ మన బల్లకట్టే కదే" అంది.

"కాదమ్మా, ఇది పెద్ద పడవ, దీనికి ఇంజను..."

"ఇంజనుంటే మటుకు? బండ్లు ఎక్కించుకుని అవతలి ఒడ్డున దింపితే బల్లకట్టే."

ఆ తర్వాత గంటసేపు అమ్మ ఎదురుమొండి కబుర్లు చెప్పింది. బల్లకట్టు మీద వరిగడ్డి బండి ఎక్కించేటప్పుడు ఎద్దు బెదిరి ఏట్లో దూకిన సంగతి. పెళ్ళివారి మేళం సగం ఇవతల, సగం అవతల ఉండిపోతే, నీళ్ళ మీద నుంచే సన్నాయి వినిపించిన సంగతి. అంతకుముందు ఎప్పుడూ చెప్పనివి. నేను రైలింగ్ పట్టుకుని వింటూ ఉండిపోయాను. దూరంగా తెల్లటి లైట్‌హౌస్ చుక్కలా కనపడింది. అది 1823లో కట్టింది. ఇప్పటికీ వెలుగుతోంది.

ఊరంతా సిల్వర్ లేక్ అనే చిన్న రేవు చుట్టూనే ఉంటుంది. మొత్తం జనం వెయ్యి లోపు. హోవార్డ్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది, ఇసుక బాట. రెండు పక్కలా గాలికి వంగిపోయిన ఓక్ చెట్లు, వాటి కింద చెక్క కంచెలు, ఆ కంచెల లోపల ఎవరి కుటుంబం సమాధులు వాళ్ళవి. ఇలాంటి చిన్న చిన్న శ్మశానాలు ఊళ్ళో ఎనభైకి పైనే. బతికినవాళ్ళ ఇళ్ళ మధ్యలోనే పోయినవాళ్ళు. అమ్మకి అది మొదట వింతగా అనిపించింది. సాయంత్రానికల్లా "ఇంట్లోవాళ్ళే కదా, దూరంగా ఎందుకు" అనేసింది.

సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్ కథ కూడా చెప్పాను. 1718 నవంబరు 22న ఈ దీవి పక్కనే బ్రిటిష్ నేవీ లెఫ్టినెంట్ మేనార్డ్ మనుషులు అతన్ని చంపి, తల నరికి ఓడ ముందు కొయ్యకి వేలాడదీశారు. తల లేని మొండెం ఓడ చుట్టూ ఈదిందని ఇక్కడ చెప్పుకుంటారు. యాత్రికులంతా ఆ కథ కోసమే వస్తారు. అమ్మకి అది పట్టలేదు. గుర్రాలు పట్టాయి. పాత స్పానిష్ ఓడలు మునిగినప్పుడు ఈదుకుంటూ ఒడ్డుకి చేరాయని చెప్పుకునే పొట్టి గుర్రాలు ఇక్కడ తరతరాలుగా విచ్చలవిడిగా తిరిగేవి. రోడ్డు పడ్డాక వాటికి కంచె వేశారు. కంచె దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. "గొడ్లకి ఈత ఎవరూ నేర్పక్కర్లేదు" అంది. ఎందుకంటోందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

* * *

ఆ మర్నాడు బ్రిటిష్ శ్మశానానికి వెళ్ళాం. చెట్ల మధ్య తెల్ల కంచె కట్టిన చిన్న చోటు, నాలుగు సమాధులు. 1942 మే 11న హెచ్‌ఎంటీ బెడ్‌ఫర్డ్‌షైర్ అనే బ్రిటిష్ ఓడని జర్మన్ సబ్‌మెరైన్ ఇక్కడికి దగ్గర్లో ముంచేసింది. అమెరికా తీరాన్ని కాపలా కాయడానికి అరువు తెచ్చుకున్న ఓడ అది. ఒక్కడు కూడా బతకలేదు. నాలుగు శవాలు ఈ దీవికి కొట్టుకొచ్చాయి. ఊరివాళ్ళే తీసి పాతిపెట్టారు. ఇద్దరి పేర్లు తెలిశాయి: థామస్ కనింగ్‌హామ్, స్టాన్లీ క్రెయిగ్. మిగతా ఇద్దరూ ఎవరో తెలియలేదు.

కనింగ్‌హామ్ కథ తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అంతకు కొన్నాళ్ళ ముందే, వేరే ఓడలో చనిపోయిన బ్రిటిష్ నావికులని పూడ్చడానికి, శవపేటికల మీద కప్పే జెండాలు కావాలని అమెరికన్ నేవీ తరఫు మనిషి ఒకతను అతన్నే అడిగాడు. ఇచ్చాడు. వాటిలో మిగిలిన జెండానే అతని పేటిక మీద కప్పారు.

ఇదంతా నేను చదివి చెప్తుంటే అమ్మ పేరు లేని రెండు రాళ్ళ దగ్గర ఆగిపోయింది. కంచె బయట ఇసుకలో ఎర్రగా, పసుపు అంచులతో గైలార్డియా పూలు విరగబూసి ఉన్నాయి. ఈ దీవిలో వాటిని జో బెల్స్ అంటారు. రాలిన పూలు రెండు ఏరి కంచె చెక్క మీద పెట్టింది.

"పేరు తెలియకపోయినా రాయి పెట్టారు" అంది.

అంతే. దారంతా మళ్ళీ మాట లేదు.

మా ఊరు దివిసీమలో సముద్రానికి దగ్గర్లోనే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేనింకా పుట్టలేదు. అమ్మకి పెళ్ళయి ఏడాది. తాతయ్య, అంటే నాన్నగారి నాన్న, ఆ రాత్రి పోయారు. శవం దొరకలేదు. మా ఇంట్లో ఆయనకి తద్దినం పెట్టేవాళ్ళు గానీ, ఎలా పోయారో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. నాన్న దగ్గర ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవారు. చిన్నప్పుడు ఒకసారి అడిగితే అమ్మ "నీళ్ళొచ్చాయి, పోయారు" అని పొయ్యి ఊదుకుంది. గుంతల్లో ఒకేసారి పూడ్చేసిన వందలమందికి పేర్లు ఎవరు రాస్తారు? ఆ రోజు ఆ కంచె దగ్గర అమ్మ ఏం ఆలోచించిందో నాకు సాయంత్రం గానీ తెలియలేదు.

* * *

మేం దిగిన గది ఒక పెద్దావిడ ఇంట్లో. డెబ్భై ఏళ్ళుంటాయి. ఇంటి ముందు వరండా. దాన్ని ఆవిడ "పైజర్" అనేది. పియాజా అనే మాట అరిగి అలా అయిందట. ఈ దీవివాళ్ళ ఇంగ్లీషు వేరు. హై టైడ్‌ని "హోయ్ టోయ్డ్" అంటారు. బయటివాళ్ళు "డింగ్‌బ్యాటర్లు". దాగుడుమూతలకి "మీహాంకీ". వంతెన లేని దీవిలో తరతరాలుగా ఉండిపోవడం వల్ల పాత పలుకుబడి నిలిచింది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ నుంచి వాల్ట్ వుల్ఫ్రమ్ అనే భాషా శాస్త్రవేత్త బృందం ఏళ్ళ తరబడి వచ్చి రికార్డు చేసుకుంది. చిన్నపిల్లల్లో ఆ యాస పోతోందని ఆవిడ బాధపడింది. నాకు మా ఎదురుమొండి అమ్మమ్మ మాటలు గుర్తొచ్చాయి. వాటిని ఎవరూ రికార్డు చెయ్యలేదు.

అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. మధ్యలో నేను దుబాసీని. కానీ పెరట్లోకి వెళ్ళాక నా అవసరం పెద్దగా లేకపోయింది. అక్కడొక అంజూర చెట్టు, పిందెల మీద ఉంది. మొదట్లో ఆల్చిప్పలు పోసి ఉన్నాయి. అమ్మ ఆకు తుంచి పాలు చూసి, "మేడి చెట్టుకి చుట్టమే" అంది. ఆవిడ లోపలికెళ్ళి కిందటేడు పెట్టిన అంజూరం జామ్ సీసా తెచ్చి, చెంచాతో అమ్మ అరచేతిలో వేసింది. పెరట్లో పాతబడిన సిమెంటు తొట్టి ఉంది. ఇంటి కప్పు మీద వాన నీళ్ళు అందులోకి పట్టేవాళ్ళు, అవే తాగేవాళ్ళు. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. మా ఊళ్ళో మంచినీళ్ళ చెరువుకి కాపలా ఉండేదని, గొడ్డు దిగితే తగువులయ్యేవని అమ్మ చెప్తే ఆవిడ గట్టిగా తలూపింది.

ముందు గదిలో కింద చెక్క నేలలో ఒకచోట రంగు తేడాగా ఉంది. జానెడున్నర చదరం అతుకు. కాలు తగిలి అమ్మ ఆగింది. ఇదేమిటి అన్నట్టు చూసింది.

ఆవిడ కుర్చీలో కూర్చుని చెప్పింది. 1944 సెప్టెంబరులో పెద్ద తుఫాను. ఆవిడకి తొమ్మిదేళ్ళు. తుఫాను గాలి మొదట సౌండ్ నీళ్ళని అవతలి ఒడ్డు వైపు తోసుకుపోతుంది. తర్వాత గాలి తిరుగుతుంది. ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా వెనక్కి, ఊరి మీదికి వస్తాయి. ఇక్కడి ఇళ్ళు చెక్క ఇళ్ళు, దిమ్మల మీద కూర్చున్నవి. నీళ్ళు కిందినుంచి లేపితే ఇల్లు పడవలా తేలి కొట్టుకుపోతుంది. అందుకని వాళ్ళ నాన్న గొడ్డలి తీసుకుని, చేతులారా కట్టుకున్న ఇంటి నేలని నరికేశాడు. నీళ్ళు బుడబుడా లోపలికొచ్చాయి. పిల్లలందరూ మెట్ల మీద. ఆ బరువుకి ఇల్లు కదలకుండా నిలబడింది. "సముద్రాన్ని నువ్వే లోపలికి పిలిస్తే, అది ఇంటిని వదిలేస్తుంది" అని వాళ్ళ నాన్న అనేవాడట. గుమ్మం చట్రం మీద పెన్సిల్ గీత చూపించింది. పక్కన 1944 అని రాసి ఉంది. అమ్మ మోకాలికి పైన వచ్చింది.

నేను తెలుగులో చెప్పడం అయ్యాక అమ్మ కింద కూర్చుంది. ఆ అతుకు మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా రాసింది.

"మావగారు కొడవలి తీసుకెళ్ళారు" అంది.

నాకు మొదట అర్థం కాలేదు.

"మమ్మల్నందరినీ డాబా ఎక్కించేశారు. ఊళ్ళో డాబా అదొక్కటే. నీళ్ళు అప్పటికే నడుముల్లోతు. సావిట్లో గొడ్లు కట్టేసి ఉన్నాయి. నాలుగు గేదెలు, రెండెద్దులు. అరుస్తున్నాయి. మీ నాన్న చెయ్యి పట్టుకుని ఆపితే విదిలించుకున్నారు. పలుపులు కోసేస్తే వాటి బతుకు అవి బతుకుతాయి, కట్టేసి చంపితే పాపం అన్నారు. కొడవలి నోట కరుచుకుని దిగారు. అంతే. ఇంతలో పెద్దది వచ్చింది."

నేను ఇంగ్లీషులోకి చెప్పడం మర్చిపోయాను. ఆవిడ కూడా అడగలేదు.

"మూడోనాడు ఒక గేదె తిరిగొచ్చిందే. పడ్డ. మెడకి జానెడు పలుపు వేలాడుతోంది. కొస తెంపుకున్నది కాదు, కోసింది. చక్కగా, ఏటవాలుగా. మీ నాన్న ఆ కొస పట్టుకుని ఏడ్చారు. సావిడి దాకా చేరారన్నమాట. ఒక్కటన్నా కోశారన్నమాట." కాసేపాగి, "దాని పాలే నువ్వు తాగింది" అంది.

అప్పుడు నేను ఆవిడకి అన్నీ చెప్పాను. నా గొంతు సరిగా లేదు. ఆవిడ విని, లేచి గుమ్మం దగ్గరికెళ్ళి 1944 గీత మీద వేలు పెట్టి, మీ ఊళ్ళో ఎంత వచ్చాయి అన్నట్టు అమ్మ వైపు చూసింది. అమ్మ లేచింది. గీత చూసింది. చెయ్యెత్తి గుమ్మం పైకమ్మి చూపించింది. తల అడ్డంగా ఊపింది. అది కాదన్నట్టు. బయటికి, పైజర్ మీదికి నడిచింది. వాకిట్లో పెద్ద ఓక్ చెట్టుంది. దాని మొదటి కొమ్మ ఇంటి చూరుకన్నా పైన అడ్డంగా చాపుకుని ఉంటుంది. ఆ కొమ్మ చూపించింది.

ఆవిడ చేతిలో కాఫీ కప్పు పిట్టగోడ మీద పెట్టేసింది. అమ్మ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇద్దరూ ఆ కొమ్మ వైపు చూస్తూ అలాగే నిలబడ్డారు. రేవులో ఆఖరి ఫెర్రీ కూత వేసింది.

ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది. నాన్న పోయాక అంత గాఢంగా నిద్రపోవడం నేను చూడలేదు.

* * *

2019 సెప్టెంబరు 6 పొద్దున డోరియన్ తుఫాను ఓక్రకోక్ మీద పడిందని తెలిసినప్పుడు అమ్మ అవనిగడ్డలో ఉంది. ఫోన్లో మొదటి మాట, "అక్క ఎలా ఉంది?" ఆవిడని అమ్మ అక్క అనే అనేది. సౌండ్ వైపు నుంచి ఏడడుగులకు పైగా నీళ్ళొచ్చాయి. ఎవరికీ గుర్తున్నంతలో అంత నీళ్ళు ఎప్పుడూ రాలేదు. నెలల తరబడి బయటివాళ్ళని దీవిలోకి రానివ్వలేదు. నేను ఫోన్ చేస్తే మోగలేదు. తర్వాత కోవిడ్, తర్వాత అమ్మ ఆరోగ్యం. వెళ్ళలేకపోయాను. అది నా మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు పడవ దిగి చూస్తే ఊరు పైకి లేచినట్టుంది. ఎన్నో ఇళ్ళని జాకీలతో ఎత్తి కొయ్య స్తంభాల మీద పెట్టారు. అరుగుల మీంచి పలకరించుకునే ఎత్తులో ఉండే ఇళ్ళు ఇప్పుడు మెట్లెక్కితే గానీ అందవు. హోవార్డ్ స్ట్రీట్ ఇసుక మాత్రం అలాగే ఉంది. బ్రిటిష్ శ్మశానం దగ్గర జో బెల్స్ పూశాయి. రాలినవి రెండు ఏరాను.

పెద్దావిడ ఇల్లు కూడా స్తంభాల మీదే ఉంది. తలుపు తీసింది ఆవిడ కూతురు, నా వయసే. నేనెవరో చెప్పేలోపే, "చెట్టు చూపించినావిడ కూతురివా?" అంది.

ఆవిడ రెండేళ్ళ కిందట పోయిందట. మా అమ్మ పోయిన ఏడాదే. నేల చెక్కలన్నీ ఉప్పునీటికి ఉబ్బిపోతే పీకేశారు. ఆ అతుకు పలకని మాత్రం దాచారు. ఇప్పుడది వంటింట్లో అలమర. మీద అంజూరం సీసాలు వరసగా ఉన్నాయి. గుమ్మం చట్రం కూడా ఉంచారు. 1944 గీతకి బాగా పైన ఇంకో గీత, పక్కన 2019. అది నా ఛాతీ దాకా వచ్చింది.

ఆ పొద్దున గొడ్డలి తెచ్చే టైమ్ కూడా లేదని ఆ అమ్మాయి చెప్పింది. నిమిషాల్లో వచ్చేశాయట. ఎనభై దాటిన తల్లిని మెట్ల మీద కూర్చోబెట్టింది. నీళ్ళు ఎక్కుతుంటే తను ఏడుస్తోంది. 1944 గీత మునిగిపోయింది. తల్లి మాత్రం మేడ మెట్ల పక్క కిటికీలోంచి వాకిట్లోకి చూస్తూ కూర్చుందట. ఏం చూస్తున్నావమ్మా అంటే, "ఇంకా కొమ్మ దాకా రాలేదు" అందట.

మేమిద్దరం మెట్లు దిగి వాకిట్లోకి వచ్చాం. ఇల్లు పైకి లేవడం వల్ల ఓక్ చెట్టు మొదట నాకు పొట్టిగా అనిపించింది. దగ్గరికెళ్ళి కింద నిలబడి చూశాను. ఆ కొమ్మ అలాగే, అడ్డంగా చాపుకుని ఉంది. ఎగిరినా నా చెయ్యి అందలేదు.